ఇంజనీరింగు విద్యార్థులూ, పరిశోధనా

మా స్టూడియోకు ఏటా కొందరు ఇంజనీరింగు విద్యార్థులు వస్తూ ఉంటారు. యువజనుల కార్యక్రమంలో తాము చేసిన ప్రాజెక్టును గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని మేమే పిలుస్తాము. ఎర్రదీపం వెలగకముందు నేను వారిని ఒక చిన్న ప్రశ్న అడుగుతాను: "ఇందులో మీరు స్వయంగా కొలిచినది ఏమిటి?" అని. చాలామంది నవ్వి ఊరుకుంటారు. కొందరు తల వంచుకుంటారు. ఎక్కడో ఒకరు మాత్రం కుర్చీలో ముందుకు జరిగి చెప్పడం మొదలుపెడతారు. అటువంటివారిని ఆపడం కష్టం. పది నిమిషాలకని పిలిస్తే ఇరవై నిమిషాలైనా ముగించరు. ఆ మూడవ రకం విద్యార్థులను గురించీ, వారి సంఖ్య పెరగడానికి ఇళ్లలో ఉన్న మనం చేయగలిగినదాన్ని గురించీ ఈ పూట ముచ్చటించదలచాను.

ఒకప్పుడు తెలుగువాడు ఇంజనీరు కావాలంటే మద్రాసు వెళ్లి గిండీ కళాశాల గడప తొక్కవలసి వచ్చేది. 1929లో హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల ఏర్పడింది. 1946లో విశాఖపట్నంలో ప్రారంభమైన కళాశాల తరువాత కాకినాడకు తరలివచ్చింది. 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన జరిగింది. నేడు ఏ పెద్ద రహదారి వెంట వెళ్లినా కళాశాలల బోర్డులే కనిపిస్తాయి. సంతోషించవలసిన విషయమే. నాగలి పట్టిన చేతులు, మగ్గం నేసిన చేతులు తమ పిల్లల చేతికి గణన యంత్రం ఇవ్వగలిగాయి.

కాని ఈ చదువులో ఒక చీకటి మూల ఉన్నది. చివరి సంవత్సరంలో విద్యార్థి ఒక సమస్యను ఎన్నుకొని, దానిమీద కొన్ని నెలలు పనిచేసి, తాను తెలుసుకొన్నది పెద్దలముందు వినిపించవలెనని నియమం. నాలుగేళ్ల చదువులో విద్యార్థి సొంత బుద్ధికి దొరికే అవకాశం ఇదొక్కటే అన్నా తప్పులేదు. దీన్ని బజారులో కొనుక్కోవచ్చునని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అచ్చువేసి అట్టకట్టిన నివేదిక, అట్టపెట్టెలో అమర్చిన యంత్రం, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటికి చెప్పవలసిన జవాబులు, అన్నీ కలిపి ఒక ధర. ఆ ధర చెల్లించేది విద్యార్థి కాదు, మనం. కళాశాల రుసుములు, వసతిగృహం ఖర్చులతోపాటు ఇదీ ఒక ఖర్చే కదా అని, ఏమిటి ఎందుకు అని అడగకుండా ఇచ్చేస్తున్నాము. వివాహానికి నగ కొన్నప్పుడు కూడా నాలుగు దుకాణాలు తిరిగే మనం, పిల్లవాడి ఆలోచనను కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడగము.

పరిశోధన అనగానే మనకు పెద్ద ప్రయోగశాలలు, విదేశాలు, నెరిసిన తలలు గుర్తుకు వస్తాయి. ఇది పొరపాటు అభిప్రాయం. విశాఖపట్నంలో బాల్యవిద్య గడిపిన చంద్రశేఖర వెంకటరామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగా ఉండగానే, కళాశాలలోని సామాన్య పరికరాలతో కాంతిని పరిశీలించి వ్రాసిన పత్రం 1906లో లండనులోని ఫిలసాఫికల్ మాగజైనులో అచ్చయింది. అప్పుడాయన వయస్సు 18 ఏళ్లు. ఇక మన కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారి సంగతి. బాల్యంలోనే ఒక కంటి చూపు పోయింది. అయినా గిండీలో ఇంజనీరింగు చదివారు, పైచదువులకు పట్టుదలగా సాగిపోయి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. నాగార్జునసాగరం పేరు చెప్పినప్పుడల్లా మనం తలుచుకొనే ఇంజనీరు, తరువాత కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయిన కె.ఎల్. రావుగారు ఆయనే.

మహానుభావుల మాట అలా ఉంచి, నేను స్వయంగా చూచిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రిందట ఒక జిల్లా కేంద్రంలోని కళాశాలలో విద్యార్థులు తమ పత్రాలు సమర్పించే సభ జరిగింది. రికార్డు చేసుకొని రావడానికి నన్ను పంపారు. ఉదయమంతా విన్నవి నిజం చెప్పాలంటే ఒక్కటీ గుర్తులేవు. పెద్ద పెద్ద ఆంగ్ల పదాలు, తెరమీద రంగురంగుల బొమ్మలు, ప్రతివారి ప్రసంగం చివరా 'నూటికి తొంభై అయిదు పాళ్లు ఖచ్చితత్వం' అన్నమాట. మధ్యాహ్నం భోజనాల తరువాత, సగం కుర్చీలు ఖాళీ అయినవేళ, మూడవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి లేచింది. రైతు బిడ్డ. ఆమె విషయం ఏమిటంటే, తమ బావిలోని ఫుట్‌వాల్వు.

ఫుట్‌వాల్వు అంటే, పట్టణాల్లో ఉండే శ్రోతలకోసం చెబుతున్నాను, బావిలోకి దించిన గొట్టం అడుగున ఉండే కవాటం. మోటారు ఆగినప్పుడు గొట్టంలోని నీరు కిందికి జారిపోకుండా ఆపుతుంది. అది ఇరుకుగా, మొరటుగా ఉంటే నీటిని లోపలికి రానివ్వక మోటారు శక్తిని మింగివేస్తుంది. ఈ అమ్మాయి చేసిన పని చాలా సాదా అయినది. గట్టుమీద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అది ఎన్ని సెకండ్లలో నిండుతుందో చేతిగడియారంతో చూచింది. పాత వాల్వుతో 25 సెకండ్లు పట్టింది. వెడల్పు దారి ఉన్న కొత్త వాల్వు బిగించిన తరువాత 20 సెకండ్లలో నిండింది. అంటే అదే మోటారుతో, అదే కరెంటుతో, నీరు నాలుగవ వంతు ఎక్కువ. ఊరిలో ఇన్ని బావులున్నాయి, అందరూ వాల్వులు మార్చుకుంటే ఇంత విద్యుత్తు మిగులుతుందని లెక్క కట్టి చూపింది. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచారు. ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరని తరువాత తెలిసింది. "అమ్మాయీ, పాత వాల్వుతో ఏ నెలలో కొలిచావు?" అన్నారు.

"మే నెలలోనండీ."

"కొత్తదానితో?"

"ఆగస్టులోనండీ."

"ఈ మధ్యలో మీ ఊళ్లో వానలు పడ్డాయా?"

మీలో వ్యవసాయదారులకు ఈపాటికే విషయం అర్థమై ఉంటుంది. మే నెలలో బావిలో నీరు అడుక్కు దిగి ఉంటుంది. ఆగస్టులో పైకి వస్తుంది. 20 అడుగుల లోతునుండి తోడడానికీ, 10 అడుగుల లోతునుండి తోడడానికీ భేదం లేదా? డ్రమ్ము త్వరగా నిండింది కొత్త వాల్వు మహిమవల్లనా, వానదేవుని దయవల్లనా?

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. మా రికార్డింగులో ఆ మౌనం 9 సెకండ్లు ఉన్నది. ఆకాశవాణిలో 9 సెకండ్ల మౌనమంటే, శ్రోత తన పెట్టె చెడిపోయిందనుకొని మీట తిప్పేటంత కాలం. తరువాత ఆమె కంఠం వినిపిస్తుంది: "అది నేను చూడలేదండీ."

సభలో ఎవరో నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఆమె కూర్చోబోతూంటే, "అప్పుడే కూర్చోకమ్మా. ఏ విధంగా చూస్తే తేలుతుందో అదికూడా చెప్పు" అన్నారు. ఆమె కొంచెం ఆలోచించి, "రెండు వాల్వులూ ఒకే రోజున కొలవాలండీ. నీటిమట్టం కూడా వ్రాసుకోవాలి" అన్నది. "ఆ పని చేసి నాకు ఉత్తరం వ్రాయి" అని ఆయన కూర్చున్నారు.

దసరా సెలవులలో ఆమె ఆ పని చేసింది. తండ్రి బావిలోకి దిగి, తెల్లవారినప్పటినుండి సాయంత్రందాకా పాతది విప్పి కొత్తది, కొత్తది విప్పి పాతది బిగించాడట. కొలిచిన ప్రతిసారీ తాడుకు రాయి కట్టి నీరెంత లోతున ఉన్నదో చూచి వ్రాసుకొన్నారు. మట్టం దిగిపోతే మళ్లీ ఊరేదాకా గట్టుమీద కూర్చున్నారు. తేలినదేమంటే, పాత వాల్వుతో 22 సెకండ్లు, కొత్త వాల్వుతో 20 సెకండ్లు. లాభం నాలుగవ వంతు కాదు, నూటికి పది. తన తప్పు తానే దిద్దుకొని ఆమె పంపిన రెండవ పత్రాన్ని నేను చూచాను. మొదటిదానికన్నా చిన్నది, బొమ్మలు లేవు, చప్పట్లు కొట్టించే లెక్కలూ లేవు. కాని అందులోని ప్రతి అంకెనూ ఆ బావి గట్టుమీద ఎవరైనా మళ్లీ కొలిచి చూచుకోవచ్చు.

మా కార్యాలయంలో ఒక మిత్రుడు ఆ 9 సెకండ్ల మౌనాన్ని కత్తిరించివేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆనాటి సభలో ప్రసారం చేయదగినది ఏదైనా ఉంటే అదేనని నా అభిప్రాయం.

విద్యార్థులు సభలో నిలబడి మాట్లాడవలెనని మనం అన్నప్పుడు, వాగ్ధాటి అలవడుతుందనీ, ఉద్యోగపు ఇంటర్వ్యూలో పనికివస్తుందనీ చెబుతూ ఉంటాము. పనికివస్తుంది, కాదనను. అసలు ప్రయోజనం వేరు. మన పనిలోని తప్పు మనకు కనిపించదు. మన ఇంటి వాసన మనకు తెలియనట్లే ఇదీను. ఇంకొకరి ముందు విప్పి పరిచినప్పుడే బయటపడుతుంది. పత్రసమర్పణ పరిశోధన ముగిసిన తరువాత జరిగే సన్మానం కాదు, పరిశోధనలో ఒక భాగం. నూతిలోకి దిగడం ఎంతో, వెనుక వరుస పెద్దాయన ప్రశ్నకు నిలబడడమూ అంతే.

ప్రశ్న అడిగేవారి సంగతి వచ్చింది కనుక, మంచి ప్రశ్న ఇచ్చిన ఒక ఆచార్యుని కథ కూడా చెప్పాలి. ఇది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో 1951లో జరిగింది. రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు తన తరగతిలోని విద్యార్థులతో, చివరి పరీక్ష వ్రాయండి లేదా తాను ఇచ్చే ఒక సమస్యమీద వ్యాసం వ్రాయండి అన్నాడు. సమస్య ఇది. మన కాలంలోనే 2013 దాకా నడిచిన తంతి వ్యవస్థ గుర్తున్నది కదా? మోర్సు సంకేతాలలో ఆంగ్లంలో తరచుగా వచ్చే 'ఇ' అక్షరానికి ఒకే ఒక చుక్క. అరుదుగా వచ్చే అక్షరానికి నాలుగు గుర్తులు. తరచుగా వచ్చేదానికి పొట్టి సంకేతం, అరుదైనదానికి పొడుగు సంకేతం ఇస్తే వార్త మొత్తంమీద క్లుప్తమవుతుంది. అయితే ఇంతకంటె క్లుప్తం కావడం అసాధ్యం అనిపించే సంకేతాలను, సున్న, ఒకటి అనే రెండే గుర్తులతో తయారుచేసే పద్ధతి ఏది?

డేవిడ్ హఫ్‌మన్ అనే పాతికేళ్ల విద్యార్థి పరీక్ష తప్పించుకోవచ్చునని ఈ వ్యాసం ఎన్నుకొన్నాడు. నెలల తరబడి తంటాలుపడ్డాడు. ఏదీ తేలలేదు. ఇక పరీక్షకే చదువుకొందామని కాగితాలు చెత్తబుట్టలో పారవేశాడు. అప్పుడు తట్టింది. అంతవరకు అందరూ పైనుంచి కిందికి, మొత్తాన్ని రెండుగా విడగొడుతూ వస్తున్నారు. అతడు కిందినుంచి మొదలుపెట్టాడు. అన్నింటికన్నా అరుదుగా వచ్చే రెండింటిని తీసి జతకట్టు. ఆ జతను ఒకటిగా భావించి, మళ్లీ మిగిలినవాటిలో అరుదైన రెండింటిని జతకట్టు. అలా పైదాకా వెళ్లు. అంతే. ఆ పత్రం 1952లో అచ్చయింది. నేడు మీ చేతిఫోనులో దాచుకొన్న పెండ్లి ఛాయాచిత్రాలలోనూ, పాటలలోనూ ఆ పద్ధతి పనిచేస్తూనే ఉన్నది.

ఇందులో నాకు నచ్చిన భాగం వేరే ఉన్నది. ఆ సమస్యకు అప్పటికి సరియైన జవాబు లేదనీ, తానూ, ఆ శాస్త్రానికి ఆద్యుడైన షానన్ కూడా ప్రయత్నించి తేల్చలేకపోయారనీ ఆచార్యుడు విద్యార్థులకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ కుర్రవాడు దాని జోలికి పోయేవాడో లేదో! మన తరగతులలో ఇచ్చే ప్రశ్నలు చాలావరకు జవాబు పుస్తకం చివర అచ్చయి ఉన్నవే. అధ్యాపక మిత్రులు కోపగించుకోకపోతే ఒక మనవి. ఏడాదికి ఒక్కటైనా, తమకే జవాబు తెలియని ప్రశ్న పిల్లలకు ఇచ్చి చూడండి.

సభలకు వెళ్లి వినడంవల్ల కూడా ఫలితం ఉంటుందనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. 2007 సెప్టెంబరులో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ అక్కడ జరిగింది. దానికి హాజరైన కొందరు ఇంజనీరింగు విద్యార్థులకు, మనమే ఒక ఉపగ్రహం ఎందుకు చేయకూడదు అన్న ఆలోచన కలిగింది. హైదరాబాదునుండి మూడు, బెంగళూరునుండి నాలుగు కళాశాలలు చేతులు కలిపాయి. ఇస్రో శాస్త్రవేత్తలు దారి చూపారు. 2010 జూలై 12న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-15 వాహనంతోపాటు 'స్టడ్‌శాట్' ఆకాశానికి ఎగిరింది. బరువు ఒక కిలోలోపు. రెండు చేతులలో ఇమిడిపోతుంది. ఆలోచనకూ ఎగరడానికీ మధ్య మూడేళ్లు గడిచాయి. ఈ మధ్యకాలంలో ఆ తల్లిదండ్రులు, "పరీక్షలు పెట్టుకొని ఈ ఉపగ్రహం గొడవ ఏమిటి?" అని ఎన్నిసార్లు అనివుంటారో మనం ఊహించుకోవచ్చు.

అవును, మనం అడిగే ప్రశ్న అదే. మార్కులు వస్తాయా? ఉద్యోగం వస్తుందా? నేను మభ్యపెట్టి మాట్లాడను. కొన్నిసార్లు రావు. వేసవి రెండు నెలలు ఒక ప్రయోగశాలలో గడిపిన పిల్లవాడు, ఆ రెండు నెలలు ఉద్యోగ శిక్షణ తరగతులకు వెళ్లిన తోటివాడికంటె వెనుకబడవచ్చు కూడా. ఆడపిల్లను మరొక ఊరిలో జరిగే సభకు ఒంటరిగా పంపడం ఎలాగన్న సంకోచం చాలా ఇళ్లలో ఉన్నది. ఇవి తేలికగా కొట్టివేయదగిన మాటలు కావు. కాని ఒక విషయం ఆలోచించండి. ఇంజనీరు కట్టిన వంతెనమీద మనం నడుస్తాము, బిగించిన తీగె కింద నిద్రపోతాము. "అది నేను చూడలేదండీ" అని ఇరవయ్యేళ్ల వయస్సులో ఒక్కసారి కూడా అనని మనిషి, నలభయ్యేళ్ల వయస్సులో అనగలడా? ఆ మాట సకాలంలో అనకపోతే నష్టపోయేది అతనొక్కడే కాదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పరిశోధన పేరిట రుసుము వసూలుచేసి, పత్రాన్ని చదవకుండానే అంగీకారం తెలిపే సభలు, పత్రికలు లేకపోలేదు. పంపిన మరునాడే 'మీ పత్రం అద్భుతం, డబ్బు కట్టండి' అని జవాబు వస్తే, అక్కడ చదివినవారెవరూ లేరన్నమాట. ప్రశ్నలు అడగని సభకు పోవడం దండుగ. కళాశాలలోనే నలుగురు అధ్యాపకులముందు, లేదా 1920లో స్థాపితమై హైదరాబాదులోనూ కేంద్రం ఉన్న ఇంజనీర్ల సంస్థవంటి చోట మాట్లాడితే ఖర్చూ తక్కువ, ప్రశ్నలూ ఎక్కువ. వేసవిలో పరిశోధనశాలలకు వెళ్లదలచినవారికి మన దేశపు మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి వేతనాలు ఇస్తూ వచ్చాయి. వాటికి దరఖాస్తుతోపాటు ఒక మంచి వ్రాత, ఒక అధ్యాపకుని ఉత్తరం అడుగుతూ వచ్చారు.

ఆంగ్లం రాదని జంకేవారికి నా సలహా ఒకటే. ముందు తెలుగులో, ఇంట్లో చెప్పండి. మా మేనల్లుడు ఒకడు తన పత్రం వినిపిస్తానని 22 బొమ్మలు తయారుచేసుకొని వచ్చాడు. వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మగారికి చెప్పమన్నాను. ఏడవ బొమ్మ దగ్గర ఆమె, "ఇంతకూ అది ఏం చేస్తుందిరా?" అన్నది. వాడు చెప్పడానికి ప్రయత్నించి, ఆగిపోయి, ఆ రాత్రి కూర్చొని పదమూడు బొమ్మలు తీసివేశాడు. అటువంటి పరీక్షాధికారులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, జీతం అడగరు.

ప్రశ్నలకు కొదువ ఉన్నదా? కాలువ చివరి పొలానికి నీరు అందే సరికి తూము దగ్గర వదిలినదానిలో ఎంత మిగులుతున్నది? రేకుల ఇంటి పైకప్పుమీద సున్నం పూస్తే లోపల వేడిమి ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది, ఏ గంటలో తగ్గుతుంది? వసతిగృహం వంటశాలలో గిన్నెకు మూత పెడితే గ్యాసు ఎంత కలిసివస్తుంది? వీటికి కావలసినవి ఒక ఉష్ణమాపకం, ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, కొంచెం ఓపిక. ఒక్కటి మాత్రం మరువవద్దు: రెండు పద్ధతులనూ ఒకే రోజున కొలవండి.

ఈ విధంగా ఏదైనా కొలిచి, వ్రాసుకొని, పదిమందిలో చెప్పి, వారి ప్రశ్నలకు గురి అయిన విద్యార్థులు మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఉంటే మా కేంద్రానికి ఒక కార్డు వ్రాయండి. పిలుస్తాము. ఎర్రదీపం వెలగకముందు నేను అడిగే ప్రశ్న వారికి ముందే తెలిసిపోయింది కనుక, ఈసారి ఇంకొకటి వెతుక్కోవలసినది నేను.